‘నేను పిలువగా మీరు వినకపోతిరి’: ఆ వచనం నా గురించేనా?

పల్నాడు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, సంఘం వివరాలు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాం.

ఆమె వయసు ముప్పై దాటింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆరేళ్ల కిందట, పెళ్లికి ముందు, వాళ్ల సంఘంలో ఉపవాస కూటం జరిగింది. వేరే జిల్లా నుంచి వచ్చిన ఒక దైవజనులు ఆమె తలమీద చేతులుంచి, “ప్రభువు నిన్ను పూర్తికాల పరిచర్యకు పిలుస్తున్నాడు, ఈ ఉద్యోగం విడిచిపెట్టి బైబిలు కాలేజీకి వెళ్లు” అని అందరి ఎదుటా ప్రవచనం చెప్పారు. అప్పటికే మిర్చి పంట దెబ్బతిని నాన్నగారు అప్పుల్లో ఉన్నారు. తమ్ముడి ఇంజినీరింగు ఫీజు ఈమె జీతంలోంచే కట్టాలి. వారం రోజులు ప్రార్థన చేసుకుని, చివరికి వెళ్లలేదు. తర్వాత పెళ్లయింది. గత రెండేళ్లలో రెండుసార్లు గర్భం పోయింది, రెండూ మూడో నెల దాటకుండానే. ఈ ఏడాది భర్త ఉద్యోగం కూడా పోయింది.

పరామర్శకు వచ్చిన సంఘ కాపరి ఆ పాత ప్రవచనాన్ని గుర్తుచేసి, సామెతలు మొదటి అధ్యాయం 24 నుంచి 28 దాకా చదివారు. “ఆయన పిలిచినప్పుడు నువ్వు వినలేదు, ఇప్పుడు నువ్వు పిలిచినా ఆయన వినడు. ఉద్యోగం మానేసి, ఒక నెల జీతం ఒప్పుదల కానుకగా పెడితే తప్ప గర్భం నిలవదు” అన్నారు. అత్తగారిది కూడా అదే మాట. భర్త ఔననరు, కాదనరు. ఆమె ప్రభురాత్రి భోజనపు బల్లలో పాలుపొందడం మానేశారు. మోకరిస్తే ఆ భాగంలోని ‘నేను నవ్వెదను’ అన్న మాటే వినిపిస్తోందట. నైట్ డ్యూటీలో కూడా కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడుతున్నారు, ఒకసారి సౌలు, ఒకసారి ఏశావు తగిలారు. ఇంకో సంగతి ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో రాశారు: ఉద్యోగం వచ్చాక తమ్ముడు ఇంటి అప్పు పట్టించుకోలేదని అతనితో ఏడాదిన్నరగా మాట్లాడటం లేదు.

“ఆ వచనం నా గురించేనా? నేను నిజంగా దేవుని పిలుపును త్రోసేశానా? ఇప్పుడైనా ఉద్యోగం మానేయాలా? అయ్యగారికి ఏమని జవాబు చెప్పాలి?” ఇవీ ఆమె ప్రశ్నలు.

సోదరీ, మీకు వందనాలు.

మీరు రాసిన నాలుగు ప్రశ్నల కింద, రాయలేకపోయిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నా బిడ్డలు నా వల్లే పోయారా అని. ముందు దానికి జవాబు చెప్తాను. మీ వల్ల కాదు. మీరు నర్సు కాబట్టి ఈ లెక్క తెలిసే ఉంటుంది, మీ విషయానికి వచ్చేసరికి భయం దాన్ని కప్పేసింది: తెలిసిన ప్రతి నూరు గర్భాల్లో పది నుంచి ఇరవై దాకా నిలవవు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతాయి. ఆ తొలి నెలల నష్టాల్లో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల జరిగేవే. ప్రవచనం విన్నవాళ్లకూ ఇలా జరుగుతుంది, విననివాళ్లకూ జరుగుతుంది, బైబిలు కాలేజీలో చదువుకునే వాళ్లకూ జరుగుతుంది. రెండుసార్లు అయింది కాబట్టి ఇక ఆగకుండా గైనకాలజిస్టును కలవండి. థైరాయిడ్, షుగర్, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భసంచి స్కాన్, అవసరమైతే మీ ఇద్దరి క్రోమోజోముల పరీక్ష గురించి అడగండి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపు అయితే, పోయిన రెండుసార్లూ యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో పాత కాగితాల్లో చూసి వెళ్లండి. “గర్భం నిలవదు” అన్న మాట భయంగా లోపల కూర్చుంటే, వైద్యం చేయించుకోవడం కూడా అవిశ్వాసంలా అనిపిస్తుంది. అది జరగకూడదు.

కష్టం వచ్చిన మనిషిని చూసి “దీనికి నీ పాపమే కారణం” అని తేల్చడాన్ని యేసుప్రభువు రెండుచోట్ల అడ్డుకున్నారు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరికంటే వాళ్లు ఎక్కువ అపరాధులని అనుకోవద్దన్నారు (లూకా 13). పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదన్నారు (యోహాను 9). యోబు పిల్లలు పోయినప్పుడు స్నేహితులు చెప్పింది కూడా మీ ఇంట్లో ఇప్పుడు వినిపిస్తున్న మాటే. ఆ గ్రంథం చివరి అధ్యాయంలో దేవుని కోపం యోబు మీద రగల్లేదు, ఎలీఫజు మీదా అతని ఇద్దరు స్నేహితుల మీదా రగిలింది.

ఇక వచనం సంగతి. 24వ వచనం దగ్గర మొదలుపెట్టి 28 దగ్గర ఆపితే ఎవరికైనా వెన్నులో చలి పుడుతుంది. అధ్యాయం మొత్తం ఒకే బిగిన చదవండి. 10 నుంచి 19 దాకా ఒక తండ్రి కొడుకును హెచ్చరిస్తున్నాడు: దారిలో పొంచి ఉండి నిరపరాధిని చంపుదాం, దోపుడుసొమ్ముతో ఇళ్లు నింపుకుందాం, మనందరికీ ఒకటే సంచి ఉంటుంది అని పిలిచే ముఠాతో వెళ్లవద్దని. ఆ వెంటనే 20వ వచనంలో జ్ఞానం ఒక స్త్రీలా వీధుల్లో నిలబడి కేకలు వేస్తుంది. ఎవరిని పిలుస్తోందో 22లో స్పష్టంగా ఉంది. జ్ఞానము లేనివారు, అపహాసకులు, బుద్ధిహీనులు. “మీరెన్నాళ్లు” అని అడుగుతోంది, అంటే పిలవడం అప్పుడే మొదలైంది కాదు, వాళ్లు ఎగతాళి చేయడమూ కొత్త కాదు. ఏళ్లతరబడి విని, నవ్వి, వెళ్లిపోయినవాళ్లు వీళ్లు. వాళ్ల మీద మోపిన నేరం 29, 30 వచనాల్లో ఉంది: జ్ఞానం వాళ్లకు అసహ్యమైంది, యెహోవాయందు భయభక్తులు ఇష్టం లేకపోయింది, గద్దింపును తృణీకరించారు. మీరేమో ఒక మాట విని, వారం రోజులు ప్రార్థన చేసి, ఇంటి పరిస్థితి చూసుకుని, కన్నీళ్లతో ఆగిపోయారు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడానికి ఆ వాక్యభాగం ఒప్పుకోదు.

జ్ఞానం పిలిచే చోటు కూడా గమనించండి. సంతవీధుల్లో, పురద్వారాల్లో, గొప్ప సందడి ఉన్న చోట్ల. ఆ కాలంలో ఊరి గుమ్మం దగ్గరే పంచాయితీ, బేరం, సాక్ష్యం, తీర్పు అన్నీ జరిగేవి. జ్ఞానం అక్కడ నిలబడి చెప్పేది అందరికీ తెలియగల సంగతి: దొంగసొమ్ముకు ఆశపడవద్దు, నిరపరాధిని చంపవద్దు, దేవునికి భయపడు. సామెతల గ్రంథం 31 అధ్యాయాల్లోనూ ఈ జ్ఞానమే తూనికరాళ్ల దగ్గర, నాలుక దగ్గర, అప్పు దగ్గర, కూలివాడి దగ్గర, భార్యాభర్తల మధ్య విడమర్చి కనిపిస్తుంది. ఒక వ్యక్తికి విడిగా వచ్చిన “ఫలానా ఉద్యోగం మానేయి” అన్న సందేశం ఈ కోవలోనిది కాదు. దేవుడు అలా ఎవరితోనూ మాట్లాడడని నేను అనడం లేదు. అలాంటి సందేశాన్ని పాటించకపోవడానికి ఈ అధ్యాయంలోని శిక్షను తగిలించే హక్కు ఎవరికీ లేదంటున్నాను.

“నేను నవ్వెదను” అన్న మాట మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని రాశారు. అదే గ్రంథంలో 17వ అధ్యాయం 5వ వచనం చూడండి, ఆపదను చూసి సంతోషించేవాడు నిర్దోషిగా ఎంచబడడని ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని చూసి నవ్వే దేవుణ్ణి ఆ గ్రంథమే ఒప్పుకోదు. ఇక్కడి నవ్వు, ఎగతాళి చేసినవాళ్ల ఎగతాళి తిరిగి వాళ్ల ముఖానికే తగలడం. జ్ఞానాన్ని చూసి ఏళ్లపాటు నవ్వినవాళ్లు, తాము వేసిన విత్తనమే పంటగా వచ్చిన రోజున ఆ జ్ఞానం మాట నిజమైందని చూస్తారు. అందుకే 31వ వచనం “తమ ప్రవర్తనకు తగిన ఫలము” అంటుంది. దొంగల ముఠాతో తిరిగినవాడు ఆ ముఠా చేతిలోనే పోతాడు. మీ ఇంటి కష్టానికీ మీరు చేసిన పనికీ మధ్య అలాంటి విత్తూ పంటా ఏమీ కనిపించడం లేదు. నాన్నగారి అప్పు తీర్చడానికి డ్యూటీ చేస్తే ఫలంగా గర్భం పోవడమేమిటి?

ఆ హెచ్చరిక అలా పలకడానికి కారణం 23లో ఉంది: “నా గద్దింపు విని తిరుగుడి.” తలుపు మూసేశామని చెప్పడానికి ఎవరూ వీధిలోకొచ్చి గొంతు చించుకోరు. చివరి మాట 33వ వచనం, అది కీడు వస్తుందన్న భయం లేకుండా నెమ్మదిగా ఉండడం గురించిన మాట. మీ కాపరి 28 దగ్గర ఆపకుండా ఇంకో ఐదు వచనాలు చదివి ఉంటే బాగుండేది.

“పిలిచినప్పుడు వినకపోతే ఆయన ఇక ఎప్పటికీ వినడు” అన్నది బైబిలు అంతటికీ నియమమైతే, మనష్షే కథ బైబిల్లో ఉండకూడదు. యాభై ఐదేళ్లు ఏలిన ఆ యూదా రాజు మందిరంలోనే విగ్రహం నిలబెట్టాడు, తన పిల్లల్నే అగ్నిలో దాటించాడు. రెండో దినవృత్తాంతములు 33లో యెహోవా అతనితో మాట్లాడినా అతను చెవిపెట్టలేదని సూటిగా రాసి ఉంది. సంకెళ్లతో బబులోనుకు ఈడ్చుకుపోయాక మొఱ్ఱపెట్టాడు. అప్పుడు దేవుడు విన్నాడు, తిరిగి యెరూషలేముకు రప్పించాడు. సామెతలు 1:28 మాటలకు అక్షరాలా సరిపోయే మనిషి అతనే, అయినా అతని మొఱ్ఱ వినబడింది. యోనా పిలుపు విని ఎదురుదిక్కుకు ఓడెక్కాడు, అతనికీ “రెండవమారు” వాక్కు వచ్చింది.

సౌలు, ఏశావు వేరే కథలు. సౌలుకు దేవుడు జవాబివ్వలేదని 1 సమూయేలు 28లో ఉంది, నిజమే. దానికి ముందు ఆరు అధ్యాయాల వెనక, అతను నోబులో ఎనభై ఐదుగురు యాజకులను చంపించాడు. జవాబు రాకపోతే పశ్చాత్తాపపడ్డాడా అంటే లేదు, కర్ణపిశాచి గల స్త్రీ దగ్గరికి వెళ్లాడు. అతనికి కావలసింది యుద్ధంలో ఏం జరుగుతుందన్న కబురు ఒక్కటే. ఏశావు ఒక పూట కూటికోసం జ్యేష్ఠత్వం అమ్ముకుని, తర్వాత దీవెన కోసం ఏడ్చాడు. అతను తిరిగి పొందలేకపోయింది అమ్ముకున్న ఆ దీవెనను. ఇద్దరి ఆరాటమూ పోయిన లాభం కోసమే. మీ ఉత్తరం అంతా దేవునితో మాటలు ఆగిపోయాయన్న బాధ. అలాంటి మనిషికి యోహాను 6:37లో వేరే మాట ఉంది: “నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను.”

కళ్లు మూసుకుని వేలు పెట్టి చూడటం ఈ రోజు నుంచి ఆపేయండి. లోపల భయం ఉన్నప్పుడు గుర్తుండేవి భయపెట్టే వచనాలే. ఆ చోట ఆదరణ వచనం తగిలినా మీరు దాటేసి ఇంకోసారి తెరుస్తారు.

రెండో ప్రశ్న, పిలుపును త్రోసేశారా అని. దీనికి ముందు అది పిలుపేనా అన్నది తేలాలి. ఆ పని ఆరేళ్ల కిందట ఎవరూ చేయలేదు, ఇప్పటికీ చేయలేదు. డాక్టరు ఫోన్లో మందు చెప్తే మీరు ఏం చేస్తారు? పేరు, మోతాదు, పేషెంటు వివరాలు తిరిగి చదివి ఖరారు చేసుకుంటారు, తర్వాత సంతకం పెట్టిస్తారు. తప్పు మందు తప్పు మనిషికి వెళ్లకూడదనే గదా ఆ జాగ్రత్త, అందులో డాక్టరుకు అవమానం ఏముంది? పౌలు థెస్సలొనీక సంఘానికి ఇలాంటి పద్ధతే నేర్పాడు. ఆత్మను ఆర్పవద్దు, ప్రవచనాలను తేలికగా తీసుకోవద్దు అని చెప్పిన వెంటనే “సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి” అన్నాడు (1 థెస్స 5:19-21). కొరింథులో ఇద్దరు ముగ్గురు ప్రవచిస్తే మిగతావాళ్లు వివేచించాలన్నాడు (1 కొరింథీ 14:29). మీ కూటంలో చేతులుంచడం జరిగింది, ఆమేన్ అనడం జరిగింది, వివేచించడం మాత్రం జరగలేదు.

పరీక్ష ఎలా చేయాలో బైబిల్లోనే ఉదాహరణలున్నాయి. బర్నబాను, సౌలును (తర్వాత పౌలు అయిన మనిషి) పంపినప్పుడు అంతియొకయ సంఘంలోని ప్రవక్తలు, బోధకులు కలిసి ఉపవాసం ఉండి పంపారు, ఆ ఇద్దరూ అప్పటికే అక్కడ బోధిస్తున్నారు (అపొ. కార్య 13). తిమోతి గురించి లుస్త్రలోనూ ఈకొనియలోనూ ఉన్న సహోదరులు మంచి సాక్ష్యం చెప్పారు (16:2). అంటే పిలుపు నిజమైతే ఆ పనిలో మనిషికి ఆశ పుడుతుంది, ఆ పని చేస్తున్నట్టు పదిమందికీ కనిపిస్తుంది, మీరు ఎరిగిన, మిమ్మల్ని ఎరిగిన సంఘం ఔనంటుంది. ఒక్క రాత్రి వచ్చి మళ్లీ కనిపించని మనిషి మాట ఒక్కటే వీటన్నిటికీ బదులు కాలేదు. ఇంకొక కొలత మార్కు 7లో ఉంది. తల్లిదండ్రులకు చేయవలసిన సాయాన్ని “కొర్బాను”, దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగా గద్దించారు. అప్పుల్లో ఉన్న తండ్రికి మీ జీతం అవసరమైన రోజున మీరు ఆగిపోవడాన్ని ఈ వచనం వెలుగులో కూడా చూడాలి.

బయటివాళ్లు ఆత్మ పేరుతో చెప్పిన మాటను దేవుని మనిషి పాటించకపోతే ఏమవుతుందో తెలియాలంటే అపొస్తలుల కార్యములు 21 చదవండి. తూరులో శిష్యులు ఆత్మ ద్వారా పౌలును యెరూషలేము వెళ్లవద్దన్నారు. కైసరయలో అగబు పౌలు నడికట్టు తీసుకుని తన చేతులూ కాళ్లూ కట్టుకుని, నిన్ను ఇలా బంధిస్తారని చూపించాడు. అందరూ ఏడుస్తూ బతిమాలారు. పౌలు వెళ్లాడు, బంధించబడ్డాడు కూడా. “చెప్తే వినలేదు, అనుభవించు” అని ఎవరూ అనలేదు. వాళ్లు “ప్రభువు చిత్తము జరుగునుగాక” అని ఊరుకున్నారు. 23వ అధ్యాయంలో, జైలు రాత్రి, ప్రభువే పక్కన నిలబడి ధైర్యముగా ఉండుమన్నాడు. దీనికి ఎదురు కథ 1 రాజులు 13లో ఉంది: తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దు అని దేవుడు తనకు చెప్పిన మాటను, బేతేలులోని ఒక ముసలి ప్రవక్త “దేవదూత చెప్పాడు” అని అబద్ధమాడగానే వదిలేసిన దైవజనుడి కథ. అతను చచ్చిపోయింది ప్రవక్త మాట విన్నందుకు. ద్వితీయోపదేశకాండము 18:22, జరగని మాట చెప్పిన ప్రవక్త అహంకారంతో చెప్పాడు, “దానికి భయపడవద్దు” అంటుంది.

అయితే సోదరీ, ఈ హెచ్చరికను మీకు తేలిక చేసి ఇచ్చేస్తే నేను మీకు మేలు చేసినట్టు కాదు. అది నిజమైన హెచ్చరిక. హెబ్రీ పత్రిక 3వ అధ్యాయం “నేడు” అన్న మాటను మళ్లీ మళ్లీ చెప్పి, హృదయాలను కఠినపరచుకోవద్దంటుంది. హృదయం ఒక్కరోజులో గట్టిపడదు. తెలిసిన సంగతిని ఇవాళ వాయిదా వేస్తాం, రేపు దానికి కారణం దొరుకుతుంది, ఎల్లుండి అది గుర్తు రావడమే మానేస్తుంది. కాబట్టి ఈ అధ్యాయాన్ని మీ మీద పెట్టుకుని చూడాలనుకుంటే, ప్రవచనం దగ్గర కాకుండా, ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేనంత స్పష్టమైన సంగతుల దగ్గర పెట్టి చూడండి. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన తమ్ముడి విషయం అలాంటిది. అతను చేసింది న్యాయమని నేను అనను. మీ కష్టానికి ఆ మౌనమే కారణమని అసలే అనను, అలా అంటే మీ అయ్యగారు చేసిందే నేనూ చేసినట్టు. కానీ మత్తయి 5:23-24 కోసం కొత్త ప్రవచనం అవసరం లేదు. మీకు ఓపిక వచ్చిన రోజున అతనికి ఫోన్ చేసి, అప్పు సంగతి అప్పుగానే, లెక్కలతో మాట్లాడండి. ఇది ఈ వారమే కావాలని లేదు.

మూడో ప్రశ్న, ఉద్యోగం. మీ ముందు మూడు దారులు ఉన్నాయి.

కాపరి చెప్పినట్టు వెంటనే రాజీనామా చేయవచ్చు. భర్తకు పని లేని ఈ సమయంలో అది ఇంటికి ఉన్న ఒకే జీతాన్ని ఆపేస్తుంది, ఆసుపత్రి ద్వారా వైద్య ఖర్చుల్లో వెసులుబాటు ఏదైనా ఉంటే అదీ పోతుంది, పరీక్షలు చేయించుకోవాల్సిన నెలల్లోనే. డబ్బు కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మీరు పరిచర్యకు వెళ్లేది గర్భం నిలవడానికి అవుతుంది. నిలిస్తే, మళ్లీ ఏదో ఒకటి ఆగిపోతుందన్న భయంతో జీవితాంతం పనిచేస్తారు. నిలవకపోతే, ఇంకా ఏం తక్కువైందని వెతుకుతారు. సంఖ్యాకాండము 14లో ఇశ్రాయేలీయులు పోమన్నప్పుడు పోక, తీర్పు విన్న మర్నాడు పొద్దున్నే లేచి తమంతట తాము కొండెక్కి ఓడిపోయి వచ్చారు. భయంతో చేసిన దిద్దుబాటు ఇలాగే ఉంటుంది. అదే అధ్యాయం ఇంకో సంగతీ చెప్తుంది: దేవుడు క్షమించానన్నాడు. వాళ్లు అరణ్యంలో గడిపిన నలభై ఏళ్లూ ఆయన కురిపించిన మన్నా ఆగలేదని నిర్గమకాండము 16లో ఉంది.

ఉద్యోగంలోనే ఉండి, ఇదే నా పిలుపు అనుకోవడం రెండో దారి. దీన్ని తక్కువగా చూడకండి. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు మీకు తెలుసు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో లూథరన్ మిషను తరఫున వచ్చారు. ఆమె డాక్టరే అయినా, వైద్య పరిచర్యకు మిషను అప్పటికి సిద్ధంగా లేదు, స్త్రీల మధ్య బోధ పనికని పంపారు. ఆమె రోగులను చూడటం మానలేదు, 1898లో ఆసుపత్రి తెరిచారు. మందు బాటిలు, బైబిలు ఒకే చేతిలో ఉండవని ఆ రోజుల్లోనూ అనుకున్నవాళ్లున్నారు. ఈ దారిలో వచ్చే చిక్కు ఏమిటంటే, మీలో నిజంగా బోధించాలనే ఆశ ఉంటే, దాన్ని నర్సు ఉద్యోగం చాటున దాచేయవచ్చు.

అది తేల్చుకోవడానికి మూడో దారి: ఉద్యోగం ఉంచుకుని, ఒక ఏడాది పరీక్షగా ఏదైనా చిన్న పని మొదలుపెట్టడం. సండే స్కూలు, స్త్రీల సమాజంలో వాక్యం, ఆసుపత్రుల్లో ఉన్నవారిని పరామర్శించడం. చదవాలనిపిస్తే సెరంపూర్ విశ్వవిద్యాలయం వాళ్ల బి.సి.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) కోర్సు ఇంటి దగ్గర ఉండి చదువుకోవచ్చు, దానికి రాజీనామా అక్కర్లేదు. ఏడాది తర్వాత మీకు ఆశ పెరిగిందా తగ్గిందా, మీ చేతుల్లో ఆ పని నిలబడిందా, మీ భర్త ఏమంటున్నారు, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు ముగ్గురు పెద్దలు ఏమంటున్నారు అని చూడండి. నాకు ఎక్కువ మొగ్గు ఈ దారివైపే. కానీ ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని లేదు. మీరు శోకంలో ఉన్నారు, శోకంలో పెద్ద నిర్ణయాలు తీసుకోకపోవడం కూడా జ్ఞానమే.

ఒప్పుదల కానుక విషయంలో మాత్రం దారులేమీ చెప్పను. ఇవ్వకండి. హెబ్రీ 10:18 ప్రకారం క్షమాపణ కలిగిన చోట పాపపరిహారం కోసం ఇంక బలి లేదు. డబ్బిచ్చి దేవుని వరం సంపాదించుకోవచ్చనుకున్న సీమోనును పేతురు ఎలా గద్దించాడో అపొ. కార్య 8లో ఉంది. కృతజ్ఞతగా ఎప్పుడైనా, ఎంతైనా ఇవ్వండి. గర్భానికి ధరగా ఒక్క రూపాయి కూడా వద్దు.

అయ్యగారితో మాట్లాడేటప్పుడు ఒంటరిగా వెళ్లవద్దు. మీ భర్తను తీసుకెళ్లండి, వీలైతే ఒక సంఘ పెద్దనూ, ఆ పెద్ద భార్యనూ. ముందే భర్తతో కూర్చుని సామెతలు 1 మొత్తం చదవండి. ఆయన మౌనం ఒప్పుకోలు కాకపోవచ్చు, పని పోయిన మగవాడికి ఇంట్లో గొంతు లేవకపోవడం మామూలే. కాపరితో వాదనకు దిగకుండా ఇలా అనవచ్చు: “అయ్యగారూ, మీరు మా కోసం ప్రార్థన చేస్తున్నందుకు వందనాలు. ఆ అధ్యాయం మొత్తం మాతో కలిసి చదివి వివరించండి. ప్రవచనాన్ని సంఘ పెద్దలు పరీక్షించాలని వాక్యం చెప్తోంది, పెద్దలతో కలిసి పరీక్షించండి. అప్పటిదాకా గర్భం గురించీ కానుక గురించీ ఆ మాట మా ఇంట్లో మళ్లీ అనవద్దు.” ఆయన వింటే, మీకు ఒక కాపరి తిరిగి దొరికినట్టే. పరీక్షించమని అడిగినందుకే తిరుగుబాటు అని ముద్ర వేసి, కూటంలో పేరు పెట్టి గద్దిస్తే, సంఘం మారడం పాపం కాదు. మారితే అత్తగారితో, ఊళ్లోవాళ్లతో కొంతకాలం మాటలు పడాలి, పాత స్నేహాలు కొన్ని తగ్గుతాయి. అది తెలిసే నిర్ణయం తీసుకోండి. మారే చోటును కూడా ఒక ప్రవచనం విని ఎంచుకోకండి, అక్కడ వాక్యం ఎలా చదువుతున్నారో, లెక్కలు ఎవరు చూస్తున్నారో కొన్ని వారాలు గమనించండి.

అత్తగారికి వచనాలతో జవాబు చెప్పే పని మీది కాదు, ఆ మాట ఆవిడ కొడుకు చెప్పాలి. పోయింది ఆవిడ మనవలు కూడా. ఆవిడ కూడా కారణం వెతుక్కుంటున్నారు, దొరికిన మొదటి కారణం పట్టుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్లండి. ఇలా ఎందుకు జరుగుతుందో డాక్టరు నోట వింటే ఇంట్లో ఆ మాట తగ్గవచ్చు.

బల్ల దగ్గరికి తిరిగి వెళ్లండి. 1 కొరింథీ 11లో తన్ను తాను పరీక్షించుకొని “ఆలాగుచేసి” తినమని ఉంది, పరీక్షించుకుని మానేయమని లేదు. ప్రార్థన రాకపోతే మాటలు వెతకవద్దు. రోమా 8:26 ప్రకారం మాటలు లేని మూలుగు కూడా ప్రార్థనే. సొంత మాటలు రాని రోజు 88వ కీర్తన పైకి చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఎక్కడా స్తోత్రం లేదు, అయినా అది లేఖనమే.

ఒక్క సంగతి నర్సుగా మీరే గుర్తించాలి. క్షమాపణ దొరకలేదన్న ఆలోచన రోజంతా వద్దన్నా తిరుగుతూ, అదే వచనాన్ని పదేపదే సరిచూసుకోవాల్సి వస్తూ, నిద్ర, తిండి, డ్యూటీ దెబ్బతింటుంటే, అది ఆత్మ సంబంధమైన సంగతి మాత్రమే కాకపోవచ్చు. వరుస నష్టాల తర్వాత డిప్రెషన్ రావచ్చు, దేవుని భయం చుట్టూ తిరిగే ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు వెంటాడే మానసిక సమస్య) కూడా ఉంటుంది, రెండింటికీ వైద్యం ఉంది. సైకియాట్రిస్టును కలవండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రి డ్యూటీలో ఉన్నా దొరుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ ఫోన్ వాయిదా వేయకండి, మీ భర్తకు ఆ రోజే చెప్పండి.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక, అయ్యగారితో మాట్లాడాక, వీలైతే మళ్లీ రాయండి. పరీక్షల ఫలితాలు రాయనక్కర్లేదు, ఆయన ఏమన్నారో రాయండి చాలు. తర్వాత ఏం చేయాలో అప్పుడు చూద్దాం.